మూర్ఛవ్యాధిని దాచవద్దు

రాజపాళయం పేరు చెప్పగానే మనవారికి పడమటి కనుమల నీడ, మామిడి తోపులు, నూలు మిల్లులు గుర్తుకు వస్తాయి. ఊరికి ఆనుకొని సంజీవి కొండ ఉన్నది. హనుమంతుడు సంజీవి పర్వతాన్ని మోసుకొని పోతూ ఉండగా ఒక ముక్క రాలి ఇక్కడ పడిందని పెద్దలు చెబుతారు. ఊరికి దగ్గరలోనే ఛత్రపట్టి. అక్కడి మరమగ్గాల మీద గాయాలకు కట్టే గుడ్డ నేస్తారు. దూరదేశాల ఆసుపత్రులలో ఎవరి గాయానికి కట్టిన కట్టైనా మన పక్క ఊరి మగ్గం మీద పుట్టినది కావచ్చు. కొండ పేరులో మందు, మగ్గం మీద వైద్యపు గుడ్డ ఉన్న ఈ చోట కూడా ఒక జబ్బు పేరు ఎత్తడానికి మాత్రం మనవారికి నోరు రాదు. ఆ జబ్బు మూర్ఛ.

తమిళంలో వలిప్పు అంటారు. ఇంగ్లీషు మందుల చీటీ చేతికి వచ్చిన తరువాత ఫిట్స్ అంటున్నారు. మన ఇళ్ళలో అయితే ఆ పేర్లేవీ పలకరు. ‘ఆ అమ్మాయికి అది ఉన్నదట’ అని గొంతు తగ్గించి చెప్పుకొంటారు. మధుమేహానికి పేరున్నది, రక్తపుపోటుకు పేరున్నది, దీనికి మాత్రం ‘అది’ అన్న మాట తప్ప వేరే పేరు లేకుండా పోయింది. పేరు పెట్టి పిలవని జబ్బుకు వైద్యం ఎట్లా జరుగుతుంది? ఈ నెల ఈ వ్యాసం వ్రాయడానికి కారణం ఇదే.

లెక్క ఏమి చెబుతున్నది?

ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి మూర్ఛవ్యాధి ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మన దేశం వరకు కోటి మందికి పైగా ఉంటారని వైద్యుల అంచనా. మైసూరు దగ్గరి ఎళందూరు తాలూకాలో డాక్టర్ కె. ఎస్. మణి, ఆయన తోటివారు ఇల్లిల్లూ తిరిగి పరీక్షించగా వెయ్యి మందిలో అయిదుగురికి కొంచెం తక్కువగా ఈ వ్యాధి కనిపించింది. బెంగుళూరు పట్టణంలోను, చుట్టుపట్ల పల్లెలలోను జరిగిన మరొక సర్వేలో వెయ్యికి దాదాపు తొమ్మిదిమంది తేలారు.

ఈ లెక్కను మన ఊరికి అన్వయించి చూద్దాము. 2011 జనాభా లెక్కల ప్రకారం రాజపాళయం పురపాలకసంఘం పరిధిలో సుమారు 1,30,000 మంది ఉన్నారు. ఎళందూరు లెక్క తీసుకొంటే మన ఊళ్ళో 600 మందికి మూర్ఛ ఉండాలి. బెంగుళూరు లెక్క అయితే 1,100 మంది దాకా ఉండాలి. వీరంతా ఎక్కడ ఉన్నారు? బజారులో కనపడరు, పెళ్ళిపందిట్లో కనపడరు. ఎవరి అమ్మమ్మ ఎవరింటి ఆడపడుచో నాలుగు తరాల దాకా చెప్పగల ఊరు మనది. అట్టి ఊళ్ళో ఇంతమంది కంటికి కనపడకుండా ఉన్నారంటే, ఎన్ని ఇళ్ళు ఎంత కష్టపడి దాచుతున్నాయో చదువరులే ఊహించుకోవచ్చు.

ఈ దాచడమే అసలు జబ్బుకంటె ఎక్కువ హాని చేస్తున్నదని మా అభిప్రాయం. ఎందుకో చెబుతాము.

ఇది ఏమి జబ్బు?

మన మెదడులోని కోట్లాది జీవకణాలు ఒకదానితో ఒకటి చాలా స్వల్పమైన విద్యుత్తుతో మాట్లాడుకొంటూ ఉంటాయి. ఎప్పుడైనా వాటిలో ఒక గుంపు అదుపు తప్పి ఒక్కసారిగా చెలరేగితే ఫిట్ వస్తుంది. చెలరేగినది ఏ భాగమో దానిని బట్టి లక్షణం ఉంటుంది. మెదడంతా పాకితే మనిషి పడిపోతాడు, కాళ్ళూ చేతులూ కొట్టుకొంటాయి, నోట నురుగు వస్తుంది, ఒక్కొక్కసారి నాలుక కరచుకొంటాడు, బట్టలు తడుస్తాయి. ఒక మూలనే ఆగిపోతే ఒక చెయ్యి మాత్రమే అదరవచ్చు, లేదా మనిషి ఏమీ తెలియనట్టు చప్పరిస్తూ, చొక్కా గుండీలు తడుముకొంటూ ఉండిపోవచ్చు. బడిపిల్లలలో మరొక రకం ఉన్నది. బిడ్డ కొద్ది సెకండ్లపాటు కన్ను ఆర్పకుండా శూన్యంలోకి చూచి, మళ్ళీ ఏమీ జరగనట్టు పలక అందుకొంటుంది. ఉపాధ్యాయుడు పరధ్యానమని కోప్పడతాడు. పాపం, ఆ కొద్ది సెకండ్లు ఆ బిడ్డ తరగతిలోనే లేదు.

ఒక్కసారి ఫిట్ వచ్చినంతమాత్రాన మూర్ఛవ్యాధి అనరు. తగిన కారణం పైకి కనపడకుండా మళ్ళీ మళ్ళీ వచ్చే స్వభావం ఉంటేనే ఆ పేరు. పుట్టేటప్పుడు బిడ్డకు ప్రాణవాయువు అందకపోవడం, తలకు దెబ్బ తగలడం, మెదడువాపు జ్వరాలు, పక్షవాతం, మెదడులో గడ్డలు కారణాలు కావచ్చు. చాలామందిలో కారణం దొరకదు. ఇది అంటువ్యాధి కాదు. నురుగు తగిలితే వస్తుందని, ఆ కంచంలో తింటే వస్తుందని భయపడనక్కరలేదు. ఇది పిచ్చీ కాదు. ఫిట్‌కూ ఫిట్‌కూ నడుమ ఆ మనిషి అందరివంటి మనిషే. రష్యన్ నవలాకారుడు దోస్తొయెవ్‌స్కీకి ఈ వ్యాధి ఉండేది. 1992 ప్రపంచ కప్పు పోటీలలో గాలిలోకి ఎగిరి వికెట్లు పడగొట్టిన దక్షిణాఫ్రికా క్రికెట్ ఆటగాడు జాంటీ రోడ్స్‌కూ ఉన్నది. ఆయన ఆ సంగతిని దాచలేదు.

పాత పేరు, పాత భయం

మన వైద్యశాస్త్రం దీనిని అపస్మారం అన్నది. స్మృతి తప్పిపోవడం అని అర్థం. చరకసంహితలో దీనికి ప్రత్యేకంగా అధ్యాయాలే ఉన్నాయి. గ్రీకు దేశంలో హిపోక్రటీస్ పేరిట ఉన్న గ్రంథం కూడా, ఇది దేవతల ఆగ్రహం కాదు, తక్కిన జబ్బులవంటిదే, దీని స్థానం మెదడు అని రెండువేల సంవత్సరాలకు పూర్వమే చెప్పింది. ఇంత ప్రాచీనులకు తెలిసిన సంగతి మన వీధి అరుగు మీదికి ఇంకా పూర్తిగా రాలేదు.

చిదంబరం నటరాజస్వామి పాదం క్రింద ఉన్న మరుగుజ్జు పేరు అపస్మారుడే. తమిళులు ముయలకన్ అంటారు. ఈ జబ్బుకు కూడా పూర్వం ఆ పేరు ఉండేది. తిరుచ్చి దగ్గరి తిరువాశి క్షేత్రాన్ని గురించి ఒక కథ చెబుతారు. కొల్లి మళవన్ అనే ప్రభువు కూతురికి ముయలకన్ నోవు పట్టుకొన్నది. ఏ వైద్యానికీ లొంగకపోతే ఆ తండ్రి బిడ్డను తెచ్చి గుడిలో, స్వామి ఎదుట పడుకోబెట్టాడు. జ్ఞానసంబంధులు అటు వచ్చి చూచి, పాట పాడి ఆమెకు నయం చేశారట. ఈ కథను భక్తితో చెప్పుకొనేవారు ఒక్క సంగతి గమనించాలి. ఆయన రాజు. దాచదలచుకొంటే అంతఃపురంలో నూరు గదులున్నాయి. అయినా నలుగురూ వచ్చిపోయే గుడిలోకి కూతుర్ని తెచ్చాడు. దాచలేదు కనుకనే సంబంధుల కంట పడింది.

దేవుడికి మ్రొక్కుకోవడాన్ని మేము కాదనము. మ్రొక్కు వైద్యానికి అడ్డం రాకూడదని మాత్రమే మా మనవి. 2001 ఆగస్టు 6వ తేదీన రామనాథపురం జిల్లా ఏర్వాడిలో, దర్గా ఆసరాగా బ్రతుకుతున్న మానసిక రోగులను ఉంచిన ఒక పాకకు నిప్పంటుకొన్నది. గొలుసులతో కట్టి ఉంచినందువల్ల 28 మంది పారిపోలేక మరణించారు. వారి జబ్బు వేరు, మూర్ఛ వేరు. అయితే మూర్ఛరోగులను కూడా మందు మానిపించి ఇట్టి చోట్లకు తీసుకొనిపోవడం కద్దు. కనుక ఆ రోజును మనం మరచిపోరాదు. దర్శనానికి వెళ్ళండి. మాత్రల పొట్లం కూడా వెంట తీసుకొనివెళ్ళండి.

ఎదుట ఫిట్ వస్తే ఏమి చేయాలి?

మన ప్రాంతంలో ఎవరైనా ఫిట్ వచ్చి పడిపోతే నలుగురు పరుగెత్తి వస్తారు. ఒకరు తాళంచెవుల గుత్తి చేతిలో పెడతారు. ఇంకొకరు కాళ్ళూ చేతులూ అదిమి పట్టుకొంటారు. మరొకరు పళ్ళ సందున చెంచా దూర్చుతారు. రెండు మూడు నిమిషాలలో ఫిట్ ఆగిపోతుంది. ‘చూశారా, ఇనుము పట్టుకోగానే తగ్గింది!’ అంటారు. అసలు సంగతి ఏమంటే, ఫిట్ మామూలుగా రెండు మూడు నిమిషాలలో దానంతట అదే ఆగుతుంది. ఇనుము పెట్టినా ఆగుతుంది, పెట్టకపోయినా ఆగుతుంది. కీర్తి మాత్రం తాళంచెవులకు దక్కింది.

చేయవలసినది చాలా సులువు. మనిషి చుట్టుపట్ల ఉన్న పొయ్యి, గాజు సామాను, బల్లమూల వంటివి తొలగించాలి. తలక్రింద మెత్తగా ఏదైనా, మడిచిన తువ్వాలైనా సరే, పెట్టాలి. మెడ దగ్గర బిగుతుగా ఉన్న గుండీ విప్పాలి. కొట్టుకోవడం తగ్గగానే మనిషిని ఒక ప్రక్కకు ఒత్తిగిలబెట్టాలి. అప్పుడు నోటిలోని నురుగు, ఎంగిలి బయటికి కారిపోతాయి, ఊపిరికి అడ్డం పడవు. గడియారం చూడాలి. తెలివి వచ్చేదాకా ప్రక్కనే ఉండాలి.

చేయకూడనివి అంతకంటె ముఖ్యం. నోట్లో ఏమీ పెట్టకూడదు. చెంచా పెడితే పళ్ళు విరుగుతాయి, వ్రేలు పెడితే వ్రేలు తెగుతుంది. నీళ్ళు, సోడా, కాఫీ పోయకూడదు, అవి ఊపిరితిత్తులలోకి పోతాయి. బలంగా అదిమి పట్టుకోకూడదు, ఎముకలు కీళ్ళు దెబ్బతింటాయి. ఉల్లిపాయ, చెప్పు వాసన చూపడం అవమానమే తప్ప వైద్యం కాదు.

ఫిట్ అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండవది వచ్చినా, నీటిలో వచ్చినా, తలకు దెబ్బ తగిలినా, గర్భిణీకి వచ్చినా, జీవితంలో మొదటిసారి వచ్చినా ఆలస్యం చేయక 108కి ఫోను చేయాలి. ఇంట్లో ఇంకొకరు ఉంటే సెల్‌ఫోనులో ఆ ఫిట్‌ను ఒక నిమిషం పాటు తీసి ఉంచడం మంచిది. తరువాత డాక్టరుగారు చూస్తే, మనం అరగంట చెప్పినా తెలియనిది ఆ నిమిషంలో తెలుస్తుంది.

బియ్యపు డబ్బాలోని మాత్రలు

ఈ జబ్బుకు మందు లేని రోజులు పోయి చాలాకాలమైంది. 1857లో బ్రోమైడు వచ్చింది. 1912లో ఫినోబార్బిటోన్, 1938లో ఫెనిటోయిన్ వచ్చాయి. తరువాత కార్బమజెపిన్, వాల్ప్రోయేట్, ఇంకా అనేకం వచ్చాయి. సరిగా గుర్తించి, సరిగా మందు వాడితే నూటికి 70 మంది దాకా ఫిట్లు లేకుండా బ్రతుకవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కాని తక్కువ రాబడి గల దేశాలలో నలుగురిలో ముగ్గురికి ఆ వైద్యం అందడం లేదని కూడా అదే సంస్థ చెబుతున్నది.

మనకు వైద్యం దూరమని చెప్పడానికి లేదు. మధురైలో ప్రభుత్వ రాజాజీ ఆసుపత్రిలో నరాల వైద్య విభాగం ఉన్నది. సెంగోట దాటి పోతే తిరువనంతపురంలో శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ ఉన్నది. మాత్రలకు లొంగని మూర్ఛకు అక్కడ 1995 నుండి శస్త్రచికిత్స కూడా చేస్తున్నారు. వేలూరులో డాక్టర్ జేకబ్ చాందీ 1949లోను, మదరాసు జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ బి. రామమూర్తి 1950లోను మెదడు శస్త్రచికిత్సకు పునాదులు వేశారు. అంటే ఈ వైద్యం దక్షిణదేశంలో ఏడు దశాబ్దాలకు పైబడిన వైద్యం.

అయినా మాత్ర నోటిలోకి ఎందుకు పోవడం లేదు? దాపరికం వల్ల. రక్తపోటుకు, మధుమేహానికి ఈ రాష్ట్ర ప్రభుత్వం 2021లో ప్రారంభించిన ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం క్రింద మాత్రలు ఇంటి గుమ్మం దాకా వస్తున్నాయి. పెద్దవారు వీధి అరుగు మీదనే వాటిని తీసుకొని, పొరుగింటివారితో చక్కెర లెక్కలు పోల్చి చూచుకొంటారు. మూర్ఛ మాత్ర ఉన్న ఇంట్లో ఆ మాత్ర బియ్యపు డబ్బాలోనో, బీరువాలో చీరల అడుగునో ఉంటుంది. చుట్టాలు వస్తే ఆ పూట మాత్ర ఉండదు. పెళ్ళికి పోతే ఆ రెండు రోజులూ ఉండదు. ఏకాదశి ఉపవాసమని ఒకనాడు మానేస్తారు. ఆరు నెలలు ఫిట్ రాకపోతే నయమైపోయిందని తామే మానేస్తారు.

ఈ మాత్రల స్వభావం చదువరులు బాగా గుర్తుంచుకోవాలి. తలనొప్పి మాత్రవలె అవసరం వచ్చినప్పుడు వేసుకొనేవి కావు ఇవి. రక్తంలో మందు ఒక మట్టంలో ఎల్లప్పుడూ నిలిచి ఉంటేనే మెదడు అదుపులో ఉంటుంది. చెరువుకట్ట వంటిది. రోజూ కాపాడితే ఏమీ జరగదు, ఒక రాత్రి తెగితే ఊరు మునుగుతుంది. ఉన్నట్టుండి మానేస్తే మునుపటికంటె ఉధృతంగా ఫిట్లు రావచ్చు, ఒకదాని వెంట ఒకటి ఆగకుండా వచ్చి ప్రాణం మీదికి తేవచ్చు. మందు ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు మానాలో డాక్టరే చెప్పాలి. రెండేళ్ళో అంతకు మించో ఫిట్ లేకుండా గడిస్తే చాలామందికి మెల్లమెల్లగా తగ్గించి మానిపించడం జరుగుతున్నది. ఉపవాసం చేసేవారు అన్నం మానవచ్చు గాని మాత్ర మానరాదు. వైకుంఠ ఏకాదశి జాగారం కూడా మూర్ఛ ఉన్నవారికి తగదు. నిద్ర తప్పడం ఫిట్‌ను పిలిచి తెచ్చుకోవడమే. మద్యపానం అంతకంటె చెరుపు.

మన వారికి ఇంకొక ఇబ్బంది ఉన్నది. డాక్టరుగారు చెప్పేది తమిళంలో, చీటీ ఇంగ్లీషులో, ఇంట్లో మాట తెలుగులో. ఆసుపత్రికి వెంట వెళ్ళిన కుర్రవాడు విన్నది, ఇంట్లో మాత్ర చేతికిచ్చే నాయనమ్మకు చేరేసరికి సగం జారిపోతుంది. ఏ మాత్ర, ఏ పూట, ఎన్ని, ఎంతకాలం అన్న నాలుగు ముక్కలు ఇంట్లో అందరికీ అర్థమయ్యే భాషలో పెద్ద అక్షరాలతో వ్రాసి గోడకు తగిలించండి. దాచవలసిన పని లేదని చెప్పడానికి అది మొదటి మెట్టు.

పెళ్ళి మాట

దాపరికానికి మూలం అంతా ఇక్కడే ఉన్నదని అందరికీ తెలుసు. అబ్బాయికి ఫిట్లు వస్తే ‘చిన్నప్పుడెప్పుడో వచ్చింది, పోయింది’ అని ఒక మాటతో సరిపెడతారు. అమ్మాయికి వస్తే ఆమెకే కాదు, ఆమె చెల్లెళ్ళకు కూడా సంబంధాలు రావని తల్లిదండ్రులు వణికిపోతారు. అందుచేత చెప్పకుండా పెళ్ళి చేస్తారు. అత్తవారింటికి పంపేటప్పుడు మాత్రలు పెట్టెలో పెట్టరు, ఎవరైనా చూస్తారేమోనని. కొత్త ఇల్లు, పెళ్ళి అలసట, నిద్ర లేని రాత్రులు, పైన మాత్ర లేదు. ఫిట్ రావడానికి ఇంతకంటె ఏమి కావాలి? వంటింట్లో పొయ్యి దగ్గరో, నూతి గట్టు మీదో పడితే ఆ పిల్ల బ్రతుకు ఏమవుతుంది? తల్లి ప్రేమతో చేసిన పనే బిడ్డకు ముప్పుగా పరిణమిస్తున్నది.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. 1955 నాటి హిందూ వివాహ చట్టానికి 1976లో చేసిన సవరణలో, మాటిమాటికి మూర్ఛ వచ్చేవారు వివాహానికి అర్హులు కారన్న మాట చేర్చారు. పిచ్చితోపాటు దీనిని ఒకే గాటను కట్టారు. వైద్యులు, మూర్ఛరోగుల సంఘాలవారు పట్టుబట్టిన మీదట 1999లో పార్లమెంటు ఆ మాటను తొలగించింది. ఈనాడు మూర్ఛ ఉన్నవారు పెళ్ళి చేసుకోవడానికి చట్టం అడ్డు రాదు. అయితే ముఖ్యమైన సంగతిని మోసంతో దాచి చేశారన్న తగాదా మాత్రం కోర్టుకెక్కవచ్చు. కాబట్టి చట్టం చూచినా, ధర్మం చూచినా చెప్పడమే మేలు.

ఎప్పుడు చెప్పాలి? తాంబూలాలు పుచ్చుకోకముందే, రెండు వైపుల పెద్దలతోపాటు అబ్బాయికీ అమ్మాయికీ తెలిసేట్టు చెప్పాలి. వీలైతే డాక్టరుగారి దగ్గరకు ఇద్దరూ కలిసి వెళ్ళి అడగాలి. సంబంధం పోతే పోతుంది. నిజం విని పోయే సంబంధం, నిజం తెలిసిన రోజున నిలిచేది కాదు.

పిల్లలకు వస్తుందా అని అడుగుతారు. కొన్ని రకాలు వంశంలో వచ్చే మాట నిజమే గాని, తల్లికో తండ్రికో మూర్ఛ ఉన్నవారి బిడ్డలలో అత్యధికులకు ఆ వ్యాధి రాదు. కాన్పు సంగతి మాత్రం ముందుగానే డాక్టరుకు చెప్పాలి. వాల్ప్రోయేట్ వంటి కొన్ని మందులు కడుపులోని బిడ్డకు చెరుపు చేస్తాయి. అట్టివి వాడుతున్న ఆడపిల్లలకు గర్భం రాకముందే మందు మార్చడం, ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఇవ్వడం జరుగుతుంది. గర్భం వచ్చిందని తెలిసి భయపడి తమంత తామే మాత్ర మానడం తల్లికీ బిడ్డకూ కూడా ప్రమాదం. మూర్ఛను దాచిన ఇంట్లో ఈ ముందుజాగ్రత్త ఏదీ జరగదు.

పనిచోటు

1936లో పి. ఎ. సి. రామస్వామిరాజా రాజపాళయం మిల్సును స్థాపించిన నాటినుండి మిల్లు కూత ఈ ఊరి గడియారమైంది. మిల్లులలో షిఫ్టులున్నాయి. ఛత్రపట్టిలో మరమగ్గాలున్నాయి. శివకాశి వైపు బాణసంచా పనులున్నాయి. మూర్ఛ ఉన్న పనివాడు ఉద్యోగం పోతుందని భయపడి ఎవరికీ చెప్పడు. చెప్పడు కనుక రాత్రి షిఫ్టు వేస్తారు. నిద్ర చెడి ఫిట్ వస్తుంది. తిరిగే యంత్రం ప్రక్కన వస్తుంది.

పనిలో పెట్టుకొన్నవారికి మా విన్నపం ఒకటే. మందు సరిగా వాడే మూర్ఛరోగి చేయలేని పనులు కొద్ది, చేయగల పనులు కొండంత. తెరచి ఉన్న యంత్రాలు, నిప్పు, ఎత్తు, వాహనం నడపడం వద్దు. పగటి షిఫ్టు వేసి, లెక్కల పనో, మూటలు కట్టే పనో, సరుకు పరీక్షించే పనో ఇవ్వండి. ప్రక్కన పనిచేసేవారికి పైన చెప్పిన ప్రథమచికిత్స నేర్పండి. చెప్పినవాడి ఉద్యోగం తీసివేస్తే తక్కిన వారంతా దాచడం నేర్చుకొంటారు. అప్పుడు ప్రమాదం మిల్లుకు కూడా.

రాకుండా చేయగలిగినవి

కొన్ని రకాల మూర్ఛ మన చేతులతో ఆపగలిగినది. మెదడులో బద్దెపురుగు తిత్తులు చేరడం మన దేశంలో ఒక ముఖ్యమైన కారణం. పందిమాంసం తిననివారికి రాదని అనుకొంటారు, అది పొరపాటు. పురుగు కడుపులో ఉన్న మనిషి మలంతో గుడ్లు బయటపడి, మట్టి నుండి కూరగాయలకు, కడుక్కోని చేతికి, నీటికి చేరుతాయి. శాకాహారుల కడుపులోకి కూడా అట్లానే పోతాయి. మరుగుదొడ్డి వాడకం, సబ్బుతో చేతులు కడుక్కోవడం, పచ్చిగా తినే కూరలు బాగా కడగడం దీనికి విరుగుడు. కాన్పు ఆసుపత్రిలో చేయించడం, మోటారు సైకిలు ఎక్కితే తలకు హెల్మెట్ పెట్టుకోవడం, రక్తపోటును అదుపులో ఉంచి పక్షవాతం రాకుండా చూచుకోవడం కూడా మూర్ఛను ఆపే పనులే.

దక్షిణాదిలో ప్రత్యేకంగా కనిపించే రకం ఇంకొకటి ఉన్నది. బెంగుళూరు వైద్యులు దీనిని ఎక్కువగా పరిశోధించారు. తలమీద వేడివేడి నీళ్ళు చెంబుతో గబగబా కుమ్మరించినప్పుడు వచ్చే ఫిట్ అది. పిల్లలలో ఎక్కువ. దీపావళి తెల్లవారుజామున నూనె అంటి, పొగలు కక్కే నీళ్ళు తలమీద పోయడం మన ఇళ్ళలో వాడుకే. ఆ సమయంలో బిడ్డ వింతగా చూచినా, పలకకపోయినా, ఒక ప్రక్కకు వాలినా ‘శాంతి చేయించాలి’ అనుకోక డాక్టరుకు చెప్పండి. చాలామందికి గోరువెచ్చని నీళ్ళు మెల్లగా పోస్తేనే ఆ బాధ తప్పుతుంది.

మన సంఘం చేయదగినది

ప్రపంచ ఆరోగ్య సభ 2022లో మూర్ఛ, తక్కిన నరాల వ్యాధుల కోసం 2031 దాకా సాగే కార్యప్రణాళికను ఆమోదించింది. దేశదేశాల ప్రతినిధులు కూర్చుని చేసిన ఆ తీర్మానం మన వీధిలోకి రావాలంటే మనమే తేవాలి. ఏటా నవంబరు 17వ తేదీ మన దేశంలో జాతీయ మూర్ఛ దినం. మదరాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా పనిచేసిన పి. ఎస్. కుమారస్వామిరాజా తన సొంత ఇంటినే గాంధీ కళామన్రానికి ఇచ్చి ప్రజలపరం చేశారు. ఇంటి తలుపులు ఊరికి తెరచిన పెద్దలున్న చోట, ఒక జబ్బు కోసం ఇంటి తలుపులు మూసుకోవడం మనకు తగునా? ఆ రోజున ఒక సభ పెట్టి, ఒక నరాల వైద్యుణ్ణి పిలిపించి, మన వారికి మన మాటలో చెప్పించాలని సంఘం పెద్దలను కోరుతున్నాము. ఉపాధ్యాయులకు, మిల్లు మేస్త్రీలకు, కల్యాణమండపాల వారికి ప్రథమచికిత్స చూపించాలి.

సభకు ఇంకా వ్యవధి ఉన్నది. ఈలోగా ఒక్కొక్క ఇల్లు చేయగల చిన్న పని ఒకటి ఉన్నది. ఈ వ్యాసాన్ని తెలుగు చదవడం రాని పెద్దలకు పైకి చదివి వినిపించండి. ఇంట్లో మూర్ఛ ఉన్నవారుంటే, బియ్యపు డబ్బాలోని మాత్రల సీసాను తీసి, నాయనమ్మ రక్తపోటు మాత్రల ప్రక్కన, అందరికీ కనపడే గూటిలో పెట్టండి.